చిన్న కంపెనీకి బిజినెస్ సాఫ్ట్‌వేర్ కొంటున్నారా? ధర కంటే ముందు చూడాల్సినవి ఇవీ

2025 సెప్టెంబర్ 22, సోమవారం. జీఎస్‌టీలో 12, 28 శాతం శ్లాబులు దాదాపు కనుమరుగై, ఎక్కువ వస్తువులు 5 లేదా 18 శాతంలోకి వచ్చిన రోజు. ఆదివారం రాత్రి షట్టర్ దించిన వ్యాపారి సోమవారం పొద్దున తీసేసరికి బిల్లు మీద పన్ను మారిపోయి ఉండాలి. వంద రకాల సరుకు అమ్మేవాళ్లు ఒక్కొక్కటీ చేత్తో మార్చుకుంటారు. మరి నాలుగైదు వేల ఐటెమ్‌లు ఉన్న హార్డ్‌వేర్ డిస్ట్రిబ్యూటర్ పరిస్థితి?

'ఫలానా తేదీ నుంచి ఈ హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌కు ఈ రేటు' అని ఒక్కసారి చెబితే దాని కింద ఉన్న సరుకంతటికీ వర్తించే సాఫ్ట్‌వేర్ ఉంటే అది కొద్దిసేపటి పని. అలా లేకపోతే రోజుల తరబడి పని. అంతటితో అయిపోదు. సెప్టెంబర్ 10న అమ్మిన సరుకు అక్టోబర్‌లో వెనక్కి వస్తే, దానికిచ్చే క్రెడిట్ నోట్‌లో పాత రేటే ఉండాలి. పాత రేటును చెరిపేసి కొత్తది రాసుకునే సాఫ్ట్‌వేర్ ఇక్కడే దొరికిపోతుంది. అందుకే మీ దగ్గరికి ఎవరైనా డెమోకి వస్తే మొదట ఈ రెండు పనులూ చేసి చూపించమనండి. రంగురంగుల డాష్‌బోర్డు తర్వాత చూడొచ్చు.

బిల్లింగ్, ఖాతాలు, స్టాక్, కొనుగోళ్లు, జీతాలు, బాకీల వసూలు... ఇవన్నీ ఒకేచోట నడిపే వాటినే బిజినెస్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అంటున్నారు. కాస్త పెద్దదైతే ఈఆర్‌పీ. పేరేదైనా, చిట్టా, ఆవర్జా రాసిన రోజుల నుంచి వ్యాపారికి కావాల్సింది మారలేదు: ఎవరు ఎంత బాకీ, గోదాములో ఏముంది, చేతిలో ఎంత మిగిలింది. మారింది చట్టం. లెక్క ఎలా ఉండాలో, ఎన్నాళ్లుండాలో, ఎప్పటిలోగా ప్రభుత్వానికి చేరాలో ఇప్పుడు అది చెబుతోంది. కాబట్టి ఎంపిక అక్కడి నుంచే మొదలుపెడదాం.

చట్టం మీ నుంచి ఏం అడుగుతోంది?

ముందుగా టర్నోవర్. 2017-18 నుంచి ఏ ఒక్క ఆర్థిక సంవత్సరంలోనైనా మీ మొత్తం టర్నోవర్ రూ.5 కోట్లు దాటి ఉంటే, మరో వ్యాపార సంస్థకు ఇచ్చే ప్రతి బిల్లుకూ ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. ఎగుమతులకూ అంతే. 2020 అక్టోబర్‌లో రూ.500 కోట్లతో మొదలైన ఈ పరిమితి మెట్టుమెట్టుగా దిగుతూ 2023 ఆగస్టు 1 నాటికి రూ.5 కోట్లకు వచ్చింది. ఇక్కడ చాలామంది పొరబడేది రెండు చోట్ల. ఒకటి, నిరుడు అమ్మకాలు తగ్గాయి కాబట్టి మాకు వర్తించదనుకోవడం. ఒకసారి దాటితే దాటినట్టే. రెండు, ఈ లెక్క ఒక్కో జీఎస్‌టీ నంబరుకు కాదు, పాన్‌కు. హైదరాబాద్ ఆఫీసు మూడు కోట్లు, విజయవాడ గోదాము రెండున్నర కోట్లు చేస్తే, మీరు పరిధిలోకి వచ్చేసినట్టే.

ఈ-ఇన్‌వాయిస్ అంటే పీడీఎఫ్ బిల్లు కాదు. బిల్లు వివరాలు ప్రభుత్వ పోర్టల్‌కు వెళ్లి, అక్కడి నుంచి 64 అక్షరాల ఐఆర్‌ఎన్, క్యూఆర్ కోడ్ తిరిగి రావాలి. అది లేని బిల్లును నిబంధనలు బిల్లుగానే చూడవు. దాంతో మీ కస్టమర్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ చిక్కుల్లో పడుతుంది. ఆయన డబ్బు ఆపేస్తాడు. రూ.10 కోట్లు, ఆపైన టర్నోవర్ ఉన్నవాళ్లు బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లోపే పోర్టల్‌కు పంపాలన్న నిబంధన 2025 ఏప్రిల్ 1 నుంచి ఉంది. తప్పు దొర్లితే రద్దు చేయడానికి 24 గంటలే గడువు. ఆ తర్వాత క్రెడిట్ నోటే దారి. సాఫ్ట్‌వేర్‌లో బిల్లు సేవ్ చేయగానే ఐఆర్‌ఎన్ వచ్చేస్తుందా, లేక గుమస్తా ఫైల్ దించుకుని, మళ్లీ పోర్టల్‌లో ఎక్కించాలా అన్నది తేల్చుకోవాల్సింది ఇందుకే. రోజుకు ఐదు బిల్లులైతే రెండో పద్ధతీ నడుస్తుంది. యాభై దాటితే నడవదు.

రెండోది మీ సంస్థ రకం. ప్రొప్రైటర్‌షిప్, భాగస్వామ్య సంస్థ, ఎల్ఎల్‌పీ అయితే ఈ పేరా మీకు అంతగా అక్కర్లేదు. ప్రైవేట్ లిమిటెడ్ అయితే మాత్రం ఆగి చదవండి. 2023 ఏప్రిల్ 1 నుంచి, ఖాతాలు సాఫ్ట్‌వేర్‌లో రాసే ప్రతి కంపెనీ 'ఆడిట్ ట్రయల్' ఉన్న సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. అంటే ప్రతి ఎంట్రీని ఎవరు, ఎప్పుడు, ఏమని మార్చారో దానంతటది నమోదవ్వాలి. దాన్ని ఆపేసే మీట ఉండకూడదు. కంపెనీ చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు. ఏడాది పొడవునా అది పనిచేసిందో లేదో ఆడిటర్ తన నివేదికలో రాయాలి. పైగా ఖాతాల బ్యాకప్ భారత్‌లోనే ఉన్న సర్వర్‌లో ప్రతిరోజూ పడాలి. విదేశీ క్లౌడ్ సాఫ్ట్‌వేర్ చౌకగా వస్తోందని తీసుకునే ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి: డేటా బ్యాకప్ ఏ దేశంలో ఉంటుంది? సమాధానం మెయిల్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

'మా దగ్గర పాత ఎంట్రీ ఎప్పుడైనా మార్చుకోవచ్చు సార్' అని ఇప్పటికీ గొప్పగా చెప్పి అమ్మేవాళ్లున్నారు. కంపెనీకి అది సౌకర్యం కాదు, ఆడిట్ నివేదికలో మచ్చ.

లెక్కలు ఎన్నాళ్లుంచాలి? జీఎస్‌టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు. కంపెనీల చట్టం ప్రకారం ఎనిమిదేళ్లు. నెలవారీ చందా కట్టే సాఫ్ట్‌వేర్ మూడేళ్లకు మానేస్తే పాత డేటా ఏమవుతుందన్న ప్రశ్న ఇక్కడి నుంచే పుడుతుంది. దాని గురించి కింద వివరంగా చూద్దాం.

మూడోది, కొనుగోళ్ల వైపు. మీరు కట్టిన పన్ను క్రెడిట్‌గా రావాలంటే అమ్మినవాళ్లు తమ రిటర్న్‌లో ఆ బిల్లు చూపించాలి. ప్రతి నెలా 14వ తేదీన తయారయ్యే జీఎస్‌టీఆర్-2బీలో అది కనిపించాలి. 20వ తేదీకి 3బీ కట్టాలి. మధ్యలో ఉన్నది ఆరు రోజులు. ఆ లోపు మీ పుస్తకంలోని కొనుగోళ్లనూ, 2బీనీ పక్కపక్కన పెట్టి, 'ఈ పన్నెండు బిల్లులు సప్లయర్లు చూపించలేదు' అని సాఫ్ట్‌వేర్ చెప్పగలిగితే, వాళ్లకు ఫోన్ చేయడానికి మీకు సమయం ఉంటుంది. చిన్న కంపెనీకి నేరుగా డబ్బు మిగిల్చే ఫీచర్ ఏదైనా ఉందంటే నా లెక్కలో ఇదే.

ఇంకొకటి. సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యమ్‌లో నమోదైన తయారీదారుకో, సేవలందించే సంస్థకో మీరు బాకీ ఉంటే, ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా చెల్లించకపోతే ఆ ఖర్చు ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో మినహాయింపుగా రాదు, చెల్లించిన ఏడాదిలోనే వస్తుంది. కాబట్టి సప్లయర్ పేరు పక్కన ఉద్యమ్ నంబరు రాసుకునే చోటు, గడువు ముందు గుర్తుచేసే ఏర్పాటు ఉన్నాయేమో చూడండి.

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఇది చాలామందికి తెలియని ప్రభుత్వ సదుపాయం. వార్షిక టర్నోవర్ రూ.1.5 కోట్ల లోపు ఉన్నవాళ్ల కోసం జీఎస్‌టీ నెట్‌వర్క్ కొన్ని ప్రైవేటు సంస్థలతో కలిసి ఉచిత అకౌంటింగ్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లను అందుబాటులోకి తెచ్చింది. జీఎస్‌టీ పోర్టల్‌లోని డౌన్‌లోడ్స్ విభాగంలో వాటి లింకులుంటాయి. రిటర్న్‌లు తయారుచేసుకునే ఆఫ్‌లైన్ టూల్స్ కూడా అక్కడే ఉచితం. ఈ-ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు పోర్టళ్లకూ రుసుమేమీ లేదు. ఎక్సెల్‌లో నింపి ఒకేసారి ఎన్నో బిల్లులు ఎక్కించే టూల్స్‌ను ప్రభుత్వమే ఇస్తోంది. ఇబ్బంది వస్తే జీఎస్‌టీ హెల్ప్‌డెస్క్ నంబరు 1800-103-4786.

ఒక కౌంటర్, ఒక గుమస్తా, నెలకు నూట యాభై బిల్లులు. ఇంతటి వ్యాపారానికి ఇది చాలు. 'పెద్ద సాఫ్ట్‌వేర్ ఉంటే బ్యాంకు లోన్ తొందరగా వస్తుంది' లాంటి మాటలకు పడిపోనక్కర్లేదు. జీతాలిచ్చే మనుషులు పదిమంది దాటి, ఈఎస్ఐ, ఆపైన 20 మందితో పీఎఫ్ మొదలైనప్పుడు, రెండో గోదాము తెరిచినప్పుడు, లేదా టర్నోవర్ ఐదు కోట్ల వైపు నడుస్తున్నప్పుడు మారడం గురించి ఆలోచించొచ్చు.

మీ వ్యాపారం దేనితో కొలుస్తారు?

సాఫ్ట్‌వేర్ ఎంపికలో అసలు ప్రశ్న ఇది. అందరికీ ఒకటే ప్యాకేజీ ఎందుకు పనికిరాదో మన ఊళ్ల వ్యాపారాలు చూస్తే తెలుస్తుంది.

మందుల డిస్ట్రిబ్యూటర్‌కు ప్రాణం బ్యాచ్ నంబరు, గడువు తేదీ. ముందు గడువు తీరే సరుకు ముందు బయటికి వెళ్లాలి. పది డబ్బాలకు ఒకటి ఉచితం అన్న స్కీములు బిల్లులో సరిగ్గా రావాలి. గడువు తీరినవి కంపెనీకి తిప్పి పంపే లెక్క వేరే. రెడీమేడ్ దుస్తుల వాళ్లకు ఒకే చొక్కా ఐదు సైజులు, ఆరు రంగులు అంటే ముప్పై ఐటెమ్‌లు. వాటిని ఒక గడిలో చూపించలేని సాఫ్ట్‌వేర్‌తో బార్‌కోడ్ అంటించడమే ఒక ఉద్యోగమవుతుంది. గుంటూరు మిర్చి యార్డు కమీషన్ వ్యాపారికి టిక్కీల లెక్క, తూకం, హమాలీ, కాటా, కమీషన్ కోతలు, రైతుకిచ్చే తక్‌పట్టీ కావాలి. విదేశీ ఈఆర్‌పీలో తక్‌పట్టీ ఉండదు, దాన్ని తయారుచేయించుకోవాలి. ఆ ఖర్చు కొటేషన్‌లో కనపడదు.

జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో విడిభాగాలు తయారుచేసే యూనిట్‌ది ఇంకో కథ. ముడిసరుకు ఎంత పోస్తే ఎన్ని ముక్కలు రావాలి, తరుగు ఎంత, ప్లేటింగ్‌కు బయటికి పంపిన సరుకు ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఉంది... ఇవీ దాని లెక్కలు. జాబ్‌వర్క్‌కు పంపిన ముడిసరుకు ఏడాదిలోపు తిరిగి రాకపోతే దాన్ని అమ్మినట్టే పరిగణించి పన్ను అడుగుతారు. ఇలాంటి యూనిట్ కేవలం బిల్లింగ్ యాప్ తీసుకుంటే ఆరు నెలల్లో మళ్లీ ఎక్సెల్ షీట్లు పుట్టుకొస్తాయి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కార్యకలాపాలున్న కంపెనీలు అడగాల్సింది మరొకటుంది. హైదరాబాద్ గోదాము నుంచి విజయవాడ గోదాముకు మీ సొంత సరుకే పంపినా, రెండింటికీ వేర్వేరు జీఎస్‌టీ నంబర్లు కాబట్టి చట్టం దృష్టిలో అది సరఫరాయే. పన్ను బిల్లు కావాలి, సరుకు విలువ రూ.50 వేలు దాటితే ఈ-వే బిల్లు కావాలి. ఒకే కంపెనీ కింద రెండు జీఎస్‌టీ నంబర్లను నడపగలదా, లేక రెండు విడి కంపెనీలుగా సృష్టించి నెలాఖరున చేత్తో కలపాలా? డెమోలో దీన్ని చేయించి చూడండి.

మార్కెట్లో ఏమున్నాయి?

మన దగ్గర అకౌంటెంట్ దొరకడం తేలికైన సాఫ్ట్‌వేర్ టాలీ. బెంగళూరు కంపెనీది. ఆడిటర్లకూ అలవాటే. ఇది చిన్న లాభం కాదు: ఉన్న గుమస్తా ఊరికెళ్లిపోతే వారంలో ఇంకొకరు దొరుకుతారు. కంప్యూటర్‌లో పెట్టుకుని నడిపే వాటిలో బిజీ, మందుల వ్యాపారంలో మార్గ్ కూడా బాగా కనిపిస్తాయి. చెన్నైకి చెందిన జోహో బుక్స్ క్లౌడ్‌లో నడుస్తుంది. ఫోన్ నుంచే బిల్లు వేసే చిన్న వ్యాపారాలకు వ్యాపార్ లాంటి యాప్‌లున్నాయి. తయారీ, బహుళ శాఖలు ఉంటే ఓడూ, ఈఆర్‌పీనెక్స్ట్, ఎస్ఏపీ బిజినెస్ వన్ పేర్లు వినిపిస్తాయి. వీటిలో ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్, భారతీయుల తయారీ. కోడ్ ఉచితమే కానీ దాన్ని నిలబెట్టి నడిపే మనిషి ఉచితం కాదు.

క్రాక్ కాపీ సంగతి ఒక్క మాటలో. తెలిసి వాడితే కాపీరైట్ చట్టం కింద కనీసం ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా. అప్‌డేట్లు రావు కాబట్టి సెప్టెంబర్ 22 లాంటి రోజున దిక్కూ ఉండదు.

ఐదేళ్ల ఖర్చు వేసుకోండి

కొటేషన్‌లో మొదటి ఏడాది అంకె మాత్రమే ఉంటుంది. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఇవి లెక్క అర్థం కావడానికి అనుకున్న అంకెలే, ఏ కంపెనీ ధరలూ కావు. ఎనిమిది మంది వాడే క్లౌడ్ సాఫ్ట్‌వేర్, మనిషికి నెలకు రూ.600. ఏడాదికి రూ.57,600. ఐదేళ్లకు రూ.2.88 లక్షలు. ఇంకో వైపు ఒకసారి కొనే లైసెన్స్ రూ.70 వేలు, రెండో ఏడాది నుంచి రెన్యువల్ రూ.14 వేలు. ఐదేళ్లకు రూ.1.26 లక్షలు. సగం కంటే తక్కువ!

కానీ సేల్స్ వాళ్లు బయటి నుంచి స్టాక్ చూడాలన్నారు. దాన్ని అద్దె సర్వర్‌లో పెట్టి ఎనిమిది మందికీ మనిషికి నెలకు రూ.400 కడితే, ఐదేళ్లకు మరో రూ.1.92 లక్షలు. మొత్తం రూ.3.18 లక్షలు. ఇప్పుడు క్లౌడే చౌక. ఒకే గదిలో కూర్చుని పనిచేసే ఆఫీసుకు మొదటి లెక్క, ఊళ్లు తిరిగే సేల్స్ బృందం ఉన్నచోట రెండో లెక్క. రెండింటికీ పాత డేటా మార్పిడి, శిక్షణ, మీకోసం చేయించే మార్పుల ఖర్చు కలపండి. వీటిపై 18 శాతం జీఎస్‌టీ ఉంటుంది, రెగ్యులర్ పన్ను చెల్లింపుదారులైతే క్రెడిట్ తీసుకోవచ్చు.

తాళం చెవి ఎవరి దగ్గర?

చిన్న కంపెనీలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడ. సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు తన మెయిల్ ఐడీ, తన ఫోన్ నంబరుతో ఖాతా తెరుస్తాడు. ఆ రోజుకు పని తొందరగా అయిపోతుంది. రెండేళ్లకు ధర దగ్గర మాట తేడా వస్తుంది, లేదా ఆయన వేరే ఊరు వెళ్లిపోతాడు. అప్పుడు మీ బాకీల పట్టీ, మీ సరుకు లెక్క, మీ కస్టమర్ల ఫోన్ నంబర్లు ఆయన చేతిలో ఉన్నట్టు. అందుకని అడ్మిన్ లాగిన్ యజమాని పేరు మీద, కంపెనీ మెయిల్‌తో, కంపెనీ సిమ్‌తో ఉండాలి. ఆడిటర్‌కు, అకౌంటెంట్‌కు, ఇన్‌స్టాల్ చేసినవాళ్లకు విడివిడి లాగిన్లు ఇవ్వండి. జీఎస్‌టీ పోర్టల్ లాగిన్‌కూ ఇదే వర్తిస్తుంది.

డేటా బయటికి తీయడం రెండో పరీక్ష. డెమోలో 'మొత్తం డేటా నాకు ఎక్సెల్‌లో ఇవ్వండి' అని అడగండి. రిపోర్టులు కాదు. ప్రతి లావాదేవీ, ప్రతి ఖాతా, ప్రతి ఐటెమ్. కుదరదంటే, లేదా దానికి వేరే రుసుము అంటే, ఆ సాఫ్ట్‌వేర్ నుంచి బయటపడటం ఎంత కష్టమో మీకు ముందే చెప్పినట్టు. చందా ఆపేశాక డేటా చూసే వీలు ఎన్నాళ్లుంటుందో కూడా రాయించుకోండి. ఎనిమిదేళ్ల బాధ్యత మీదే కాబట్టి.

డెమోలో మీ బిల్లులే వాడండి

అమ్మేవాళ్ల డెమో కంపెనీలో అంతా సవ్యంగానే ఉంటుంది. పోయిన నెల మీ దగ్గర జరిగిన వాటిలో తలనొప్పి పెట్టిన ఓ పదిహేను బిల్లులు తీసుకెళ్లండి. సగం సరుకు వెనక్కి వచ్చిన బిల్లు, అడ్వాన్సు తీసుకుని మూడు విడతల్లో పంపిన ఆర్డరు, మూడు బిల్లులకు కలిపి గుండుగుత్తగా వేసిన డబ్బు, డజన్లలో కొని విడిగా అమ్మిన సరుకు. బిల్లు నంబరు వరుస కూడా చూడండి. అది 16 అక్షరాలు మించకూడదు, ఏడాదిలో రెండుసార్లు రాకూడదు. బ్రాంచి పేరు, ఏడాది, నెల అన్నీ కలిపి పొడుగాటి నంబరు పెట్టుకున్నవాళ్లకు ఈ-ఇన్‌వాయిస్ దగ్గర ఆగిపోతుంది.

కౌంటర్‌లో కూర్చునే మనిషిని డెమోకి తప్పకుండా తీసుకెళ్లండి. యజమానికి రిపోర్టులు నచ్చుతాయి. రోజుకు వంద బిల్లులు కొట్టేది ఆమె. మౌస్ లేకుండా కీబోర్డుతో బిల్లు ఎంత వేగంగా పూర్తవుతుందో ఆమెకే తెలుస్తుంది. నెట్ పోతే ఏమవుతుందని అడిగేది కూడా ఆమే.

మారేటప్పుడు

ఏప్రిల్ 1న మొదలుపెట్టడం ఆనవాయితీ. కొత్త ఏడాది, కొత్త బిల్లు నంబర్లు. అయితే పాత ఏడాది ఆడిట్ అప్పటికి పూర్తవదు కాబట్టి తాత్కాలిక నిల్వలతో మొదలుపెట్టి, తర్వాత సరిచేసుకోవాలి. ఆడిటర్‌తో ఈ మాట ముందే మాట్లాడుకోండి. ఒక నెల పాతదీ కొత్తదీ రెండూ నడిపి, రిటర్న్ అంకెలు రెండింట్లో ఒకటేనా అని చూసుకున్నాకే పాతదాన్ని ఆపండి. ఈ-ఇన్‌వాయిస్ మాత్రం ఒకదాన్నుంచే వెళ్లాలి.

ఇక అసలు శ్రమ ఐటెమ్‌ల పట్టిక దగ్గర. ఒకే పైపు 'పీవీసీ పైప్ 1 ఇంచి', 'పైపు 1 పీవీసీ', '25 ఎంఎం పైప్' అని మూడు పేర్లతో ఉంటుంది. ఒక్కోదాంట్లో కొంత స్టాక్. ఒకటి మైనస్‌లో. ఈ చెత్తనంతా అలాగే కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే ఫలితమూ పాతదే, కాకపోతే ఖరీదైనది. పేర్లు కలపడం, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్‌లు సరిచూడటం, గోదాములో చేత్తో లెక్కపెట్టడం అమ్మినవాళ్లు చేసిపెట్టే పని కాదు. టర్నోవర్ రూ.5 కోట్ల వరకు వ్యాపార సంస్థలకిచ్చే బిల్లుల్లో నాలుగంకెల హెచ్‌ఎస్‌ఎన్, దాటితే ఆరంకెలు కావాలి. ఆ పని కూడా ఇప్పుడే ముగించండి. మధ్యస్థంగా ఉన్న డిస్ట్రిబ్యూటర్‌కు దీనికి నెల పట్టినా ఆశ్చర్యం లేదు.

గొడవ వస్తే ఎక్కడికి?

వినియోగదారుల ఫోరానికి వెళ్దామనుకుంటారు చాలామంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి కొన్న వస్తువులు, సేవలను సాధారణంగా తన పరిధిలోకి తీసుకోదు. సొంత జీవనోపాధి కోసం స్వయంగా నడుపుకునే చిన్న వ్యాపారికి మినహాయింపు ఉంది కానీ, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఆ దారి కష్టం. కాబట్టి మీకు మిగిలేది ఒప్పందం. అందులో పని పూర్తయ్యే తేదీ, ఏమేం చేసిస్తారన్న జాబితా, డబ్బు విడతలు, ఫోన్ చేస్తే ఎన్ని గంటల్లో స్పందిస్తారు, డేటా ఎలా తిరిగిస్తారు అన్నవి ఉండాలి. కనీసం చివరి పాతిక శాతం డబ్బు, మీ మొదటి నెల రిటర్న్ కొత్త సాఫ్ట్‌వేర్ నుంచి సరిగ్గా దాఖలయ్యాకే ఇస్తామని రాయించండి. వివాదం వస్తే ఏ ఊరి కోర్టు అన్న వాక్యం సాధారణంగా చివరి పేజీలో ఉంటుంది. అక్కడ మీ ఊరి పేరు ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.